కుందేలు తోక కింద రోజూ నల్లటి జిగురు ముద్దలు: ఇవి విరేచనాలేనా?

చెవులపిల్లి:

ఆడ కుందేలు, నాలుగేళ్ళు, గర్భసంచి ఆపరేషన్ అయింది. బరువు 2.8 కిలోలు, 2.4 ఉంటే చాలని డాక్టర్ అన్నారు. మూడు వారాలుగా పొద్దున చూసేసరికి తోక కింద బొచ్చుకు నల్లటి జిగురు ముద్దలు అంటుకుని ఉంటున్నాయి. వాసన భరించలేం. బోను అడుగున కూడా తొక్కి పరిచిన మరకలు. ట్రేలో మాత్రం గుండ్రటి గట్టి పెంటికలు మామూలుగానే పడుతున్నాయి, కాకపోతే మునుపటికంటే చిన్నవి. ఆకలి బానే ఉంది, హుషారుగానే తిరుగుతోంది.

తిండి: రోజుకు 120 గ్రాముల మిక్స్ (పెల్లెట్లు అంటే గుళికల మేత, గింజలు, రంగు ముక్కలు కలిసిన రకం), ఒక క్యారెట్, సగం అరటిపండు. ఎండుగడ్డి గిన్నెలో పెడుతున్నా, పెద్దగా ముట్టదు. ఆకుకూరలు అలవాటు లేదు.

రెండుసార్లు టబ్బులో స్నానం చేయించాను, మర్నాటికి మళ్ళీ అంతే. మనుషులకు విరేచనాలు కట్టడానికి ఇచ్చే మాత్రలో చిన్న ముక్క ఇవ్వొచ్చా? పెరుగు పెడితే తగ్గుతుందని కూడా విన్నాను.

పచ్చగడ్డి:

మాత్ర వద్దు, పెరుగు వద్దు, టబ్బు స్నానం అసలే వద్దండీ. విరేచనం కట్టే మాత్రలు పేగు కదలికను ఆపేస్తాయి. కుందేలుకు అన్నిటికన్నా ప్రమాదం పేగు ఆగడమే. పెద్ద కుందేలుకు పాల పదార్థాలు పడవు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇవి విరేచనాలు కావు. విరేచనమైతే గట్టి పెంటికలు ఉండవు, నీళ్ళలాగానో జిగటగానో పోతుంది, జంతువు నీరసించి మూలకు చేరుతుంది. మీదాని ట్రేలో గట్టి పెంటికలు పడుతున్నాయి, ఆకలి ఉంది. అంటుకుంటున్నవి సీకోట్రోప్‌లు, అంటే అది తిరిగి తినాల్సిన మెత్తటి పెంటికలు.

కుందేలు పెద్దపేగు మొదటి భాగం తిండిని రెండుగా వేరు చేస్తుంది. పొడవాటి గట్టి పీచు ముందుకు పోయి గుండ్రటి పెంటికలుగా బయటపడుతుంది. సన్నటి పొడి, ద్రవం వెనక్కి మళ్ళి సీకం అనే పెద్ద సంచిలోకి వెళ్తాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి బి విటమిన్లు, ప్రోటీన్ తయారుచేస్తాయి. అదంతా తర్వాత మెత్తటి గుత్తిగా వస్తుంది. ఎక్కువగా రాత్రి చివర్లోనూ తెల్లవారుజామునా, అది తల కిందికి వంచి గుదం దగ్గరే నోటితో అందుకుని మింగేస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కుందేలు ఇంట్లో ఇవి కంటపడవు.

రేపు పొద్దున ఒక ముద్దను టిష్యూ మీద పెట్టి చూడండి. పండిన మల్బరీ కాయలా చిన్న చిన్న గింజలు గుత్తిగా అతుక్కుని, పైన మెరిసే పొర ఉంటే అది సక్రమంగా తయారైనదే, తినకుండా వదిలేస్తోందంతే. ఆకారం లేకుండా పేస్టులా సాగితే సీకంలో సూక్ష్మజీవుల సమతుల్యం చెడింది. మొదటిదానికి కారణం తిండిలో ప్రోటీన్, శక్తి మరీ ఎక్కువ కావడం, లేదా శరీరం వంగి అక్కడికి నోరు అందకపోవడం. రెండోదానికి దాదాపు ఎప్పుడూ పీచు తక్కువై పిండి, చక్కెర ఎక్కువ కావడమే కారణం. మీరు రాసిన మెనూ చూస్తే రెండోదే అనిపిస్తోంది. గట్టి పెంటికను కూడా వేళ్ళతో నలపండి. సన్నటి గడ్డి ముక్కలుగా, రంపపు పొట్టులా విడిపోవాలి. మీరు చెప్పినట్టు చిన్నగా ఉండి, ముదురు రంగులో, నలిపితే జిగురుగా ఉంటే పీచు చాలడం లేదని దానర్థం.

మార్పులు ఇలా చేయండి:

క్యారెట్, అరటిపండు, ఆ రంగు ముక్కలు ఈరోజే ఆపండి. తీపిని నెమ్మదిగా తగ్గించాల్సిన పని లేదు.

మిక్స్ తిండిలో కుందేలు రుచిగా ఉన్నవి ఏరుకుని తిని పీచున్నవి వదిలేస్తుంది. అన్నీ ఒకేలా ఉండే సాదా పెల్లెట్లు, పీచు కనీసం 18 నుంచి 20 శాతం ఉన్నవి తీసుకోండి. పాతవీ కొత్తవీ కలిపి 2 నుంచి 4 వారాల్లో మార్చండి. మొత్తం కూడా తగ్గించాలి. కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు గరిష్ఠం, అదీ ఉండాల్సిన 2.4 కిలోల బరువుకు లెక్క కట్టి. అంటే 60 గ్రాములు. మూడు నాలుగు రోజులకోసారి 10 నుంచి 15 గ్రాములు తగ్గిస్తూ రండి. కిచెన్ త్రాసు వాడండి, గుప్పెళ్ళ లెక్క వద్దు.

ఎండుగడ్డి తిండిలో 80 నుంచి 85 శాతం ఉండాలి. తిమోతీ, ఆర్చర్డ్, మెడో, ఓట్ ఏదైనా సరే. పెరుగుతున్న పిల్లలకూ, చూలుతో ఉన్నవాటికీ, పాలిచ్చేవాటికీ తప్ప ఆల్ఫాల్ఫా వద్దు. అందులో ప్రోటీన్, కాల్షియం ఎక్కువ. కుందేలు తిండిలోని కాల్షియాన్ని చాలావరకు పీల్చుకుని మిగులును మూత్రంలో వదిలేస్తుంది. అది మూత్రాశయంలో సున్నపు మడ్డిలా పేరుకుంటుంది.

పేస్టులా వస్తున్నంతకాలం ఆకుకూరలు మొదలుపెట్టకండి. గుత్తి ఆకారం వచ్చాక ఒక్కొక్క ఆకూ ఇవ్వండి: కొత్తిమీర, మూడు రోజులు చూసి పుదీనా, తర్వాత రొమైన్ లెట్యూస్. అన్నీ కుదిరాక కిలో బరువుకు రోజుకు ఒక కప్పు చొప్పున సరిపోతుంది.

చెవులపిల్లి:

చాలా థ్యాంక్సండీ. టిష్యూ మీద చూశాను, పేస్టే. కానీ గడ్డే తినదు కదా, పెల్లెట్లు తగ్గిస్తే కడుపు మాడ్చుకుంటుందేమోనని భయం. పెల్లెట్లు పూర్తిగా ఆపేస్తే త్వరగా దారికొస్తుందని ఒకచోట చదివాను.

తెల్లమచ్చ:

పూర్తిగా ఆపకండి. లావుగా ఉన్న కుందేలుకు తిండి ఒక్కసారిగా తగ్గితే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో చేరుతుంది. ఒకట్రెండు రోజుల పస్తు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. సన్నగా ఉండి, గడ్డి బాగా తినే కుందేలుకు కొన్ని వారాలు పెల్లెట్లు లేకపోయినా ఫరవాలేదు. మీదానికి ఆ రెండూ లేవు. గడ్డి తినడం పెరిగిందని కళ్ళతో చూశాకే పెల్లెట్లు దించండి. వారానికోసారి తూచండి, 1 నుంచి 2 శాతం, అంటే 30 నుంచి 55 గ్రాములు తగ్గితే మంచి వేగం. అంతకు మించి పడితే ఆగండి.

గడ్డి తినకపోవడానికి సగం కారణం మనం పెట్టే తీరే. గిన్నెలో వద్దు. కుందేలు పెంటికలు వేస్తూ నములుతుంది, కాబట్టి గడ్డి గూడు సరిగ్గా మలవిసర్జన ట్రే పైనే, కూర్చున్నచోటి నుంచి నోరు అందేంత ఎత్తులో ఉండాలి. ట్రేలో ఒక చివర కూడా పరవండి. రోజుకు దాని ఒంటంత కుప్ప పోయండి, రెండు పూటలా పాతది తీసి కొత్తది వేయండి. తడిసినదాన్నీ తొక్కినదాన్నీ అది ముట్టదు. గడ్డి పచ్చగా, తీయటి వాసనతో ఉండాలి. దులిపితే దుమ్ము లేస్తే, బూజు వాసన వస్తే పారేయండి. రెండు రకాలు కలిపితే ఆసక్తి పెరుగుతుంది. పెల్లెట్లను గిన్నెలో పోయకుండా గడ్డిలో చల్లితే వెతుక్కుంటూ గడ్డి కూడా నోట్లో పెడుతుంది. పెల్లెట్లు సాయంత్రం ఒక్క పూటే ఇవ్వండి, పగలంతా గడ్డే ఎదురుగా ఉంటుంది.

ఇంతా చేసి గడ్డి ముట్టకపోతే పళ్ళు చూపించండి. ముందు పళ్ళు వారానికి 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి, దవడ పళ్ళు కూడా ఆగకుండా పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. అరగకపోతే అంచుల్లో ముళ్ళలాంటివి లేచి నాలుకనూ బుగ్గనూ కోస్తాయి. అలాంటి కుందేలు పెల్లెట్లు తింటుంది, గడ్డి వదిలేస్తుంది. గడ్డిపోచ నోట్లో పెట్టుకుని కింద పడేయడం, గడ్డం తడిగా ఉండటం దీనికి గుర్తులు. నోటి లోపలి భాగం డాక్టర్ పరికరంతోనే కనిపిస్తుంది, ఇంట్లో ముందు పళ్ళు చూసి బాగున్నాయనుకోవద్దు.

నీళ్ళు కూడా సీసా నాజిల్ కంటే బరువైన గిన్నెలో పెట్టండి, ఎక్కువ తాగుతుంది. ఎండుగడ్డి పెరిగేకొద్దీ నీళ్ళ అవసరమూ పెరుగుతుంది.

రెండుచెవులు:

తిండి సంగతి పైవాళ్ళు చెప్పారు, శుభ్రం చేయడం గురించి నేను రాస్తాను. టబ్బులో ముంచితే బెదిరి తన్నుకుంటుంది, ఆ తన్నుకి వెన్నెముక విరిగే ప్రమాదం ఉంది. లోపలి దట్టమైన బొచ్చు గంటల తరబడి ఆరదు, ఒళ్ళు చల్లబడుతుంది. కింద చర్మం నాని పుండు పడుతుంది.

ముద్ద ఎండి ఉంటే తడపనే వద్దు. ఒళ్ళో తువ్వాలు పరిచి కుందేలును నాలుగు కాళ్ళ మీదే కూర్చోబెట్టి, వెనకభాగాన్ని కొంచెమే ఎత్తండి. వెల్లకిలా తిప్పకండి. అప్పుడు కదలకుండా ఉంటే హాయిగా ఉన్నట్టు కాదు, భయంతో కొయ్యబారినట్టు. మురికి మీద కార్న్‌ఫ్లోర్ చల్లండి, సాస్ చిక్కబడటానికి వాడే తెల్లటి మెత్తటి పిండి. వేళ్ళతో బొచ్చు మొదట్లో పట్టుకుని, చర్మం లాగకుండా, ముద్దను కొద్దికొద్దిగా నలుపుతూ చివరి వైపు జార్చండి. దువ్వెనతో పిండి దులిపేయండి. టాల్కం పౌడర్ వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తడి పేస్టయితే బేసిన్ అడుగున తువ్వాలు వేసి గోరువెచ్చని నీళ్ళు 3 సెంటీమీటర్లే పోయండి. ముందు కాళ్ళు బయట మీ చేతిమీద, వెనకభాగం మాత్రమే నీళ్ళలో. ఐదు నిమిషాలు నానితే వేళ్ళతోనే వచ్చేస్తుంది. సబ్బు అక్కర్లేదు. తర్వాత తువ్వాలుతో అద్ది, డ్రయ్యర్ అతి తక్కువ వేడిలో దూరంగా పట్టి, గాలికి మీ చెయ్యి అడ్డంగా పెట్టుకుని వేడి చూసుకుంటూ బొచ్చు మొదలంటా ఆరబెట్టండి. పైన ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది, విడదీసి చూడండి.

కత్తెర ఎప్పుడూ వద్దు. కుందేలు చర్మం కాగితంలా పల్చగా ఉండి బొచ్చుతో పాటు పైకి లేస్తుంది, కత్తిరించేది బొచ్చో చర్మమో తెలియదు. గట్టిగా అట్టకడితే డాక్టర్ దగ్గర క్లిప్పర్‌తో తీయించండి.

శుభ్రం చేసేటప్పుడు జననాంగానికి రెండు పక్కలా ఉండే చిన్న మడతలు కూడా చూడండి. గోధుమరంగు మైనంలాంటిది పేరుకుంటే మినరల్ ఆయిల్ అద్దిన దూదిపుల్లతో మెత్తబరిచి తీయాలి. ఒక్కోసారి వాసన అక్కడినుంచే వస్తుంది.

ఇక ఈగలు. మురికి వాసనకు వచ్చి బొచ్చులో గుడ్లు పెడతాయి, 24 గంటలలోపే పిల్ల పురుగులు బయటికొచ్చి చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. ఇంట్లో ఉండే కుందేలుకు కూడా ఇది జరుగుతుంది. వేడిగా ఉన్న రోజుల్లో పొద్దున, సాయంత్రం తోక కింద చూసి తీరాలి. బియ్యపు నూకలాంటి తెల్లటి గుడ్లు గానీ, కదిలే పురుగులు గానీ కనిపిస్తే ఆ క్షణమే డాక్టర్ దగ్గరికి. ఒళ్ళంతా తడపకండి, తడిసిన బొచ్చును క్లిప్పర్‌తో తీయడం కష్టం. కనిపించినవి ట్వీజర్‌తో ఏరేస్తూ బయల్దేరండి.

నిశాచరి:

రెండు విషయాలు కలుపుతాను. తిండి సరిచేశాక గుత్తి ఆకారం వచ్చి, అయినా వదిలేస్తుంటే శరీరాన్ని పరీక్షించాలి. లావు, గడ్డం కింద వేలాడే పెద్ద మడత, కీళ్ళనొప్పి, వెన్ను బిగుసుకోవడం, పాదాల కింద పుండ్లు, వీటిలో ఏదున్నా వంగలేదు. ఆపరేషన్ తర్వాత కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి పట్టీ కట్టినా ఇదే జరుగుతుంది. పట్టీ తీస్తే సరిపోతుంది.

రెండోది మందులు. కుందేళ్ళను ఎక్కువగా చూడని డాక్టరైతే విరేచనం అనుకుని యాంటీబయాటిక్ రాసే అవకాశం ఉంది. అమోక్సిసిలిన్, యాంపిసిలిన్, పెన్సిలిన్ నోటి ద్వారా ఇవ్వకూడదు. క్లిండమైసిన్, లింకోమైసిన్ అసలే వద్దు. ఇవి సీకంలోని మంచి సూక్ష్మజీవులను చంపేస్తే క్లాస్ట్రీడియం అనే చెడు బ్యాక్టీరియా పెరిగి విషం చిమ్ముతుంది, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. చీటీ మీద ఈ పేర్లుంటే అక్కడే అడగండి, మొహమాటపడకండి.

మార్పులు చేస్తున్న ఈ వారాల్లో ఒకటి కనిపెట్టుకుని ఉండండి. తిండి ముట్టక, పెంటికలు పడక 10, 12 గంటలు గడిస్తే అది అత్యవసరం, తెల్లారేదాకా ఆగకూడదు. ముడుచుకుని కూర్చోవడం, పళ్ళు గట్టిగా కొరకడం, చెవులు చల్లబడటం గుర్తులు. మామూలు ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్, 38 కంటే పడితే గుడ్డ చుట్టిన వెచ్చటి నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని బయల్దేరండి. పొట్ట డోలులా బిగుసుకుని ఉంటే నోట్లో తిండి కుక్కకండి, పొట్ట రుద్దకండి. పేగుకు అడ్డం పడి ఉండొచ్చు. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపల చేరింది పైకి రాదు.

నాలుగేళ్ళ కుందేలు కాబట్టి ఈ మాత్రం వ్యవధి ఉంది. ఇదే రెండు నెలల పిల్లకు నీళ్ళ విరేచనమైతే గంటలు కూడా ఆగకూడదు, కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి కావచ్చు, ఒంట్లో నీరు త్వరగా పోతుంది.

చెవులపిల్లి:

సరేనండీ. మాత్ర, పెరుగు ఆలోచన మానేశాను. ఈ రాత్రే గడ్డి గూడు ట్రే మీదికి మారుస్తున్నాను, రేపటి నుంచి తీపి ఉండదు. పళ్ళ పరీక్షకు వెళ్తాను. పెంటికలు లెక్కపెట్టి రాసుకోవాలా?

పచ్చగడ్డి:

ఒక్కొక్కటీ లెక్కపెట్టక్కర్లేదు. మామూలుగా రోజుకు 200 నుంచి 300 వరకు వేస్తుంది. రోజూ ఒకే వేళకు ట్రే ఖాళీ చేసి ఒక ఫోటో తీసుకోండి, పక్కన ఒక నాణెం పెట్టండి, సైజు తెలుస్తుంది. పెద్దవిగా, లేత గోధుమరంగులో, నలిపితే గడ్డి పొట్టులా రాలుతుంటే దారిలో పడినట్టు. పేస్టు ముద్దలు ఎన్ని రోజులకోసారి కనిపిస్తున్నాయో కూడా రాయండి. రోజూ నుంచి మూడు రోజులకోసారి, ఆ తర్వాత వారానికోసారిగా మారుతుంది. రెండు మూడు వారాలైనా పట్టొచ్చు, మధ్యలో ఒకరోజు ఎక్కువ కనిపిస్తే తిండి మళ్ళీ మార్చేయకండి.

బొచ్చు రాలే కాలంలో పెంటికలు వెంట్రుకతో దండ గుచ్చినట్టు వస్తే రోజూ దువ్వండి, గడ్డి ఇంకొంచెం ఎక్కువ వేయండి. మూత్రం ఎర్రగా, నారింజరంగులో వచ్చినా చాలాసార్లు తిండిలోని రంగు పదార్థమే. తెల్లటి మడ్డిలా చిక్కగా వస్తే మాత్రం డాక్టర్‌కు అదే రోజు చెప్పండి.