చెరువు గట్టు కల్లుకు సొంత సీసా ఇవ్వచ్చా? గీత కుటుంబాల లైసెన్సుపై చర్చ

పానగల్ గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

మా చిన్నాయన కొడుకు న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటాడు. దసరాకు ఫోన్ చేసినప్పుడు, క్యూకా అనే పెద్ద సరస్సు ఒడ్డున ఒక కుటుంబం నడిపే వైనరీ (ద్రాక్షతో వైన్ చేసే చోటు) చూసొచ్చానని గంటసేపు అదే ముచ్చట చెప్పాడు. ఆ సరస్సు ముందు మన నల్లగొండ పక్కనున్న ఉదయసముద్రం చెరువు కుంట కిందే లెక్కట.

కథ ఏమిటంటే, కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అనే ద్రాక్ష శాస్త్రవేత్త ఉక్రెయిన్ నుంచి 1951లో అమెరికా వచ్చాడు. ఇంగ్లిష్ రాదు. మొదట హోటల్లో గిన్నెలు కడిగాడు, తర్వాత పరిశోధన కేంద్రంలో చిన్నాచితకా పనులు చేశాడు. ఆ చలికి యూరప్ ద్రాక్ష బతకదని అక్కడ అందరి నమ్మకం. మా ఊళ్లో ఇంతకంటే ఎక్కువ చలిలోనే పెంచానని ఈయన వాదన. చలికి ఆగే వేరు మీద అంటు కట్టి నిలబెట్టి, 1962లో సొంత వైనరీ పెట్టాడు. తర్వాత కొడుకు, మనవడు, ఇప్పుడు మునిమనవరాలు. నాలుగు తరాలు.

మాదీ మూడు తరాల కల్లు గీత. తాత గీసిన ఈత చెట్లు చెరువు గట్టు కింద ఇంకా ఉన్నాయి. అయినా మా కల్లుకు పేరు లేదు. చెట్టుకు కట్టిన లొట్టిలో నుంచి సీసాలోకి, సీసాలో నుంచి గొంతులోకి, అంతే. గీత కుటుంబం తన చెట్ల కల్లు తానే సీసాలో పెట్టి, తన పేరు వేసి, గట్టు దగ్గరే అమ్ముకునేలా లైసెన్సు ఇవ్వాలా, వద్దా?

బత్తాయి తోట

అన్నా, కథ బాగుంది కానీ పోలిక కుదరదు. ద్రాక్ష రసంలో పులుపు ఉంటుంది, పులిసినాక ఆల్కహాల్ పన్నెండు శాతం దాకా పోతుంది, అందుకే ఏళ్ల తరబడి ఆగుతుంది. కల్లు నాలుగైదు శాతం దగ్గరే ఆగిపోతుంది. పొద్దున దించింది సాయంత్రానికి పుల్లగా, మర్నాటికి సిర్కా. సీసాలో పెట్టి గట్టిగా మూత బిగిస్తే గ్యాస్‌కు సీసా పగులుతుంది. మా బాపు ఒకసారి పండక్కి బంధువుల ఇంటికి తీసుకుపోదామని కూల్‌డ్రింక్ సీసాలో పోసి బిరడా బిగించాడు. బస్సులో సూర్యాపేట దాటకముందే పేలింది, పక్కన కూర్చున్నామె చీర ఖరాబైంది. టికెట్ పైసలకంటే చీర పైసలు ఎక్కువ కట్టాడు.

మనకు ద్రాక్ష కొత్తది కూడా కాదు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పేరు హైదరాబాద్ చుట్టుపక్కల తోటలతోనే దేశమంతా తెలిసింది. ఆ తోటలన్నీ ఇప్పుడు ప్లాట్లు. వైనరీ కావాలంటే ద్రాక్ష వేయాలి. నాసిక్‌లో గంగాపూర్ డ్యామ్ నీళ్ల పక్కన సులా వైన్ కంపెనీ వాళ్లు అదే చేశారు.

మూసీ కాలువ

మన దగ్గర 'వైన్స్' అంటే వైన్ తప్ప అన్నీ దొరికే దుకాణం. ఇక వైనరీ అంటే ఎక్సైజ్ వాళ్లు ఏ ఫైల్లో పెడతారో!

పాలమూరు ఆడబిడ్డ

నవ్వుకోండి. నేను మాత్రం వద్దనే అంటాను. మీ గట్టు మీద ఈత చెట్లున్నాయేమో, మా మండలంలో చెట్టు లేని ఊళ్లో కూడా రోజూ కల్లు దొరుకుతుంది. ఎట్లా వస్తుంది? నీళ్లు, తీపికి శాక్రిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం గోళీలు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సప్లయ్ ఒక్కసారి ఆగిపోతే నిజామాబాద్, మెదక్, మా మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్లు ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు ఉరికారు. మా పక్కింటి అత్తమ్మ రెండు రోజులు గోడకేసి తల కొట్టుకుంది. ఆమె రోజూ తాగింది రెండు సీసాలే. అది కల్లే అయితే ఆ మాత్రానికి అట్లా అవుతుందా?

పేరున్న లేబుల్ అంటించగానే కల్తీ ఆగుతుందా? అదే గోళీ ఇంకొంచెం అందంగా అమ్ముతారు.

పానగల్ గట్టు

అక్కా, మీ కోపం న్యాయమే. కానీ కల్తీ చేసేది చెట్టెక్కే మనిషి కాదు, దుకాణం పాట పాడుకున్న పెద్దమనిషి. అందుకే న్యూయార్క్‌లో వచ్చిన ఒక చట్టం సంగతి చెప్తా. అక్కడ కూడా ఒకప్పుడు చిన్న రైతు ద్రాక్ష పండించి పెద్ద కంపెనీకి అమ్ముకోవాల్సిందే, వాళ్లిచ్చిందే ధర. 1976లో ఫార్మ్ వైనరీ చట్టం వచ్చింది. ఆ రాష్ట్రంలో పండిన ద్రాక్షతోనే వైన్ చేయాలి, అప్పుడు తోట దగ్గరే నేరుగా అమ్ముకోవచ్చు. అప్పటికి ఇరవైకి అటూ ఇటూ ఉన్న వైనరీలు ఇప్పుడు నాలుగు వందల పైచిలుకు.

ఆ షరతే ఇక్కడ పెడదాం. గట్టు మీద నీ పేరున ఎన్ని చెట్లున్నాయో నంబర్లు వేయాలి. ఆ చెట్లు ఇచ్చేదానికి మించి సీసాలు అమ్మితే దొంగ అని అక్కడే తెలుస్తుంది.

పాలమూరు ఆడబిడ్డ

చెట్లు లెక్కపెట్టే ఆయనే మామూలు తీసుకుంటే?

లొట్టి బింకి

నాకు అరవై రెండేళ్లు, నలభై ఏండ్లు తాళ్లెక్కిన. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. తమ్ముళ్లూ, మీరు లైసెన్సు గురించి కొట్లాడుతున్నారు, ఎక్కేవాడు ఎవడని ఒక్కరూ అడగలే. చెట్టెక్కే మోకు, ముత్తాదు భుజాన వేసుకుని పొద్దున నాలుగింటికి లేచే పిల్లగాడు మా గీత సొసైటీలో ఒక్కడు లేడు. నా కొడుకులు ఇద్దరూ హైదరాబాద్‌లోనే, ఒకడు క్యాబ్ నడుపుతాడు. 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో చెట్టు మీద నుంచి పడకుండా కాపాడే కిట్లు ఇస్తే మంచిదే అనిపించింది. కానీ అప్పటికే మా వాడలో తాటి మీద నుంచి పడి నడుం విరిగినోళ్లు ఇద్దరున్నారు. వైన్ షాపుల్లో గౌడ్లకు 15 శాతం రిజర్వేషన్ ఇచ్చారు, సంతోషం. అది దుకాణం పెట్టగలిగినోళ్లకు. చెట్టు కింద ఉన్నోడికి కాదు.

నీరా (పులవని తియ్యటి కల్లు) సంగతి కూడా చెప్తా. నెక్లెస్ రోడ్డులో 2023లో కేఫ్ తెరిచారు, పోయి తాగిన. తియ్యగానే ఉంది. కానీ నీరా తీయాలంటే పొద్దు పొడవక ముందే దించాలి, లొట్టి లోపల సున్నం పూయాలి, దించగానే ఐస్‌లో పెట్టాలి. మా ఊరి నుంచి ఐస్ ఫ్యాక్టరీ ఎంత దూరమో ఎవరన్నా కొలిచిండ్రా?

ఫుడ్ టెక్ మూడో సంవత్సరం

బత్తాయి తోట అన్న చెప్పిన పేలుడు నిజమే, కానీ దానికి మందు లేకపోలేదు. సీసాను వేడి నీళ్లలో పెట్టి పాశ్చరైజ్ చేస్తే కల్లును పులిపించే ఈస్ట్ చచ్చిపోతుంది, పులవడం ఆగుతుంది. శ్రీలంకలో కొబ్బరి కల్లు సీసాల్లో అమ్ముతున్నారు. రుచి మాత్రం మారుతుంది, కొంచెం ఉడికిన వాసన వస్తుంది. చెట్టు కింద తాగిన రుచి రాదు. అయినా నల్లగొండ బస్టాండులో కొన్న మనిషికి అది పోలిక పెట్టుకునే ఛాన్స్ ఉండదు కదా!

బత్తాయి తోట

తమ్మీ, పాశ్చరైజర్, సీసాలు, మూత మెషీన్, కరెంటు... ఒక్క కుటుంబానికి గిట్టుబాటు కాదు. సొసైటీ పెట్టాలి. సొసైటీ అనగానే ప్రెసిడెంటు ఎన్నిక, ఆ తర్వాత మళ్లీ అదే పెద్దమనిషి.

పాలమూరు ఆడబిడ్డ

సరే, నా మాట కొంచెం మార్చుకుంటా. చెట్టు దగ్గరే, గీసినవాడే, అదే రోజు అమ్మేటట్టయితే నాకు అభ్యంతరం లేదు. సీసా వద్దు, లారీ వద్దు. కల్లు ఊరు దాటిందంటే అందులో గోళీ పడుతుంది. ఆ అమెరికా ఆయన లాభపడింది సీసా వల్లనా, తోట దగ్గరే అమ్ముకోనియ్యడం వల్లనా? అది చెప్పండి.

పానగల్ గట్టు

ఈ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు అక్కా. మా తమ్ముడినే అడిగిన. జనం కార్లు వేసుకుని ఆ ఒడ్డుకే వచ్చి రుచి చూసి కొంటారట, కొన్నది డిక్కీలో ఇంటికి తీసుకుపోతారట. అంటే రెండూనూ.

బింకి కాకా, ఎక్కేవాడు ఎవడన్నావు. పొద్దున గట్టు కిందికి పోయిన. ఈత చెట్టును ఒక ఏడు ఈ పక్క గీస్తే మరుసటి ఏడు ఆ పక్క గీస్తాం కదా, మొద్దు నిండా మెట్లలెక్క గాట్లు పడతాయి. లెక్కపెట్టిన. ఒక చెట్టు మీద పంతొమ్మిది. కిందివి పన్నెండు తాతవి, అంచులు అరిగిపోయినయి. మిగిలినయి మా నాయినవి. పైన జాగ ఇంకా ఉంది. కత్తి ఇంట్లోనే ఉంది, తుప్పు పట్టింది. నువ్వు నల్లగొండ వచ్చినప్పుడు చెప్పు, గీత ఎట్లా పెట్టాలో ఒకసారి చూపించి పో.

లొట్టి బింకి

ఆదివారం వస్తా. కత్తికి సాన పెట్టించి ఉంచు.