జింక వేటకీ, రాత్రి క్యాంపుకీ ఒకే లీవర్ యాక్షన్ రైఫిల్ సరిపోతుందా?

ప్రశ్న (పుర్రచెయ్యి):
నాది ఎడమచేతి వాటం. మూడు సీజన్లుగా స్నేహితుడి బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకీ పక్కనున్న పిడిని వెనక్కి లాగి తోసే రైఫిల్) అరువు తెచ్చుకుని వేటాడుతున్నాను. బోల్ట్ కుడివైపు ఉండటంతో మొదటి గుండు తప్పిందంటే రెండోది ఎక్కించేలోపు జింక కొండ దాటేస్తోంది. అందుకే లీవర్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీని కిందికి తోసి లాగితే తర్వాతి తూటా ఎక్కే రైఫిల్) వైపు చూస్తున్నా. మేం వెళ్లేది దట్టమైన అడవి, 100 గజాలకు మించి కనపడదు. రోడ్డు నుంచి ఆరు మైళ్లు నడిచి గుడారం వేస్తాం. నల్ల ఎలుగులు తిరుగుతుంటాయి, గ్రిజ్లీలు లేవు. మార్లిన్ కంపెనీ 336 మోడల్ (.30-30 తూటా) తీసుకోనా, 1895 మోడల్ (అంతకంటే పెద్ద .45-70 తూటా) తీసుకోనా? అందరూ పెద్దదే కొనమంటున్నారు.

జవాబు (బూడిదగడ్డం):
నాదీ పుర్రచెయ్యే తమ్ముడూ. లీవర్ ఏ చేతికైనా ఒకటే అంటారుగానీ పూర్తిగా కాదు. తూటాలు ఎక్కించే కిటికీ కుడివైపే ఉంటుంది. మార్లిన్‌లో పేలిన తూటా ఖాళీ తొడుగు కూడా కుడివైపుకే, అంటే నీ మొహం ఉన్న వైపుకే ఎగురుతుంది. నాకెప్పుడూ తగల్లేదు, మొదట్లో మాత్రం ఉలిక్కిపడేవాణ్ణి. పాత వించెస్టర్ 94లో పైకి ఎగురుతుంది, కాబట్టి దానికి స్కోపు (గురి చూసే దుర్భిణి) బిగించడం తలనొప్పి.

నేనూ ఎలుగు భయంతో ముందు .45-70 కొన్నాను. 1873 నాటి సైన్యం తూటా అది, దాని బలానికి వంక పెట్టలేం. కానీ గట్టి లోడ్లు (ఎక్కువ జోరున్న తూటాలు) వాడితే భుజం వాచిపోయేది. పది పేల్చి ఇంటికొచ్చేవాణ్ణి. ఆ భయానికి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకోవడం అలవాటైంది. 60 గజాల్లో నిలబడ్డ జింకను తప్పాను. కంగారులో లీవర్ సగమే తోసి లాగేశాను, రెండో తూటా ఎక్కలేదు. జింక నన్ను చూసి మరీ వెళ్లింది, అదొక అవమానం! లీవర్‌ను భయపడకుండా చివరిదాకా తోయాలని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు వాడేది .30-30, 170 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు. 150 గజాల్లోపు జింకకీ నల్ల ఎలుగుకీ చాలు. ఈ తుపాకీల్లో తూటాలు బ్యారెల్ కింది గొట్టం మ్యాగజైన్‌లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, అందులో మామూలు మొనదేలిన గుండ్లు మాత్రం పెట్టొద్దు. ఒకదాని మొన ముందున్న తూటా ప్రైమర్‌ను (అడుగున మందుకి నిప్పంటించే భాగం) తాకుతుంది, దెబ్బ తగిలితే లోపలే పేలొచ్చు. మొన చదునుగా ఉన్నవి గానీ, హార్నడీ వాళ్ల మెత్తని మొన లెవరెవల్యూషన్ గానీ వాడు.

గుడారంలో నాది మ్యాగజైన్ నిండుగా, ఛాంబర్ (పేలే తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు ఒక్కో తూటానీ లీవర్‌తోనే బయటికి తీయాలి. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు అదే అసలు ప్రమాదం. సేఫ్టీ వేసి, తుపాకీ మూతి మనుషులు లేని వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి చెయ్యి.

జవాబు (చెట్టునీడ):
క్యాంపు రక్షణ అంటే నా లెక్కలో ముందు బేర్ స్ప్రే (ఎలుగుల మీద కొట్టే కారం స్ప్రే). 30 అడుగుల్లో మబ్బులా పరుచుకుంటుంది, చీకట్లో గురి కుదరని చేతికి అదే మేలు. తిండీ, జింక మాంసమూ గుడారానికి 100 గజాల అవతల వేలాడదీయండి. మొన గుండ్లే కావాలంటే బ్రౌనింగ్ బీఎల్ఆర్ అనే లీవర్ రైఫిల్ ఉంది, డబ్బా మ్యాగజైన్ కాబట్టి మొన ప్రైమర్‌ను తాకదు. కాకపోతే పాతకాలపు తుపాకీ అందం దానికి లేదు! ఇంకో మాట, అమెరికాలో వీసా మీద ఉన్నవాళ్లు చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే ఫెడరల్ నేరం. కొనేముందే చూసుకోండి.

పుర్రచెయ్యి:
లైసెన్స్ ఉందండీ. అన్నా, 336 మీదే మనసు పడింది. స్కోపు పెట్టనా, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది, అద్దం ఉండదు) చాలా?

బూడిదగడ్డం:
పీప్. వానలో అద్దం తుడుచుకునే పని ఉండదు. 100 గజాలకు జీరో చేసుకుని (గురి పెట్టిన చోటే గుండు తగిలేలా సైటు సరిచేసుకుని), ముందు ఖాళీ తుపాకీతో లీవర్ ఓ రెండు వందలసార్లు తొయ్యి.