సర్వీసులో కలుపుతున్న ఆయిల్, పెట్రోలు అడిటివ్‌ల వల్ల ఇంజిన్‌కు నిజంగా మేలు జరుగుతుందా?

మున్నేటిగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నా దగ్గర 2015లో కొన్న 1.2 లీటర్ల పెట్రోలు కారు ఉంది. ఇప్పటికి 86,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన వారం ఖమ్మంలో సర్వీసుకు ఇస్తే, బిల్లులో నేను అడగని మూడు సీసాలు కనిపించాయి. పాత ఆయిల్ దించే ముందు పోసే ఇంజిన్ ఫ్లష్ ఒకటి, కొత్త ఆయిల్‌లో కలిపే యాంటీ ఫ్రిక్షన్ ద్రవం ఒకటి, ట్యాంకులో పోసే ఇంజెక్టర్ క్లీనర్ ఒకటి. మూడింటికీ కలిపి ₹2,150 అయింది. ఆయిల్‌లో కలిపే ద్రవంతో మైలేజీ 15 శాతం పెరుగుతుందని, ఇంజిన్ ఆయిల్ తాగడం తగ్గుతుందని అక్కడి సూపర్‌వైజర్ గారు గట్టిగా చెప్పారు.

నాకున్న ఇబ్బందులు కూడా సరిగ్గా ఆ రెండే. లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చే బండి బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చిన తరువాత 16 దగ్గర ఆగిపోయింది. సర్వీసుకూ సర్వీసుకూ మధ్య డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం కింది గీత దాకా పడిపోతోంది. ఇలాంటి సీసాలు ప్రతి సర్వీసులోనూ వేయించడం అవసరమా, లేక వేరే చికిత్స ఉందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

యారాడకొండ:

మున్నేటిగట్టు గారూ, విశాఖలో ఇంజిన్ ఆయిళ్లు కలిపే బ్లెండింగ్ ప్లాంటులో పన్నెండేళ్లు పనిచేసినవాడిని కనుక ఆయిల్ విషయం వరకు నేను చెబుతాను. మీరు కొనే డబ్బాలో ఉన్నది వట్టి బేస్ ఆయిల్ కాదు. మసి ముద్దకట్టకుండా తేలియాడేలా చూసే డిస్పర్సెంట్లు, ఆమ్లాలను విరిచే కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్లు, అరుగుదలను తగ్గించే జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనం, వేడికి ఆయిల్ మరీ పలచబడకుండా కాపాడే పాలిమర్లు, నురుగును అణచే అతి కొద్ది సిలికోన్, ఇవన్నీ అందులో ముందే ఉంటాయి. వీటిలో చాలావరకు ఒకే లోహపు ఉపరితలం మీద చోటు కోసం పోటీపడతాయి కాబట్టి, ఒకటి ఎక్కువైతే మరొకటి తన పని చేయలేకపోతుంది. ఆ పాళ్లు కుదిరాయని ఇంజిన్లను నడిపి పరీక్షించాకే డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తు వేసుకోవడానికి అనుమతి వస్తుంది. ఆ గుర్తు తయారైన ఆయిల్‌కు చెందినదే తప్ప, తరువాత మీ బండిలో పోసిన సీసాతో కలిసిన మిశ్రమానికి చెందినది కాదు.

మీ విషయంలో మరో ప్రమాదం కూడా ఉంది. ఫాస్ఫరస్ ఎక్కువైతే అరుగుదల మరింత తగ్గుతుంది కదా అని అనిపించవచ్చు. అయినా పెట్రోలు కార్లకు వాడే 0డబ్ల్యూ20, 5డబ్ల్యూ30 వంటి పలచని గ్రేడ్లలో దానిని 0.08 శాతం దాటనివ్వరు. ఆయిల్ కొద్దికొద్దిగా కాలిపోయినప్పుడు ఆ ఫాస్ఫరస్ పొగతోపాటు వెళ్లి, పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పేరుకుని దానిని పనికిరాకుండా చేస్తుంది. ఆయిల్ తాగుతున్న ఇంజిన్‌లో జింక్, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్న సీసా పోస్తే, దానిలో కొంత భాగం నేరుగా కన్వర్టర్‌కే చేరుతుంది. ఒక సీసా అడిటివ్ కన్నా కన్వర్టర్ ఎన్నో రెట్లు ఖరీదైనదని మీకు తెలిసే ఉంటుంది.

టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) కార్లు ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ ఇంజిన్లలో తక్కువ వేగంలో మిశ్రమం ముందుగానే మండిపోయి పిస్టన్లు పగిలే సమస్యకు ఆయిల్‌లోని ఎక్కువ కాల్షియం కూడా ఒక కారణమని తేలింది. అందుకే 2018లో వచ్చిన ఎస్ఎన్ ప్లస్, 2020లో వచ్చిన ఎస్‌పీ ప్రమాణాలను అందుకోవడానికి కంపెనీలు కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచాయి. ఏముందో తెలియని సీసాతో ఆ కాల్షియాన్ని తిరిగి పోయడం ఎంతమాత్రం మంచిది కాదు.

డాలస్_తెలుగు:

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో పాత కారు కొని ఇదే ప్రశ్న వేసుకున్నాను. అమెరికాలో ఈ వాదన చాలా పాతది. వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి కంపెనీల మీద వరుసగా చర్యలు తీసుకుంది. ఆయిల్ ఖర్చు తగ్గుతుందని ప్రచారం చేసిన ఎస్‌టీపీ సంస్థ 1978లో 5 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. మీకు చెప్పినది కూడా అదే మాట కనుక ఈ ఉదాహరణ మీకు బాగా పనికివస్తుంది. టెఫ్లాన్ రేణువులతో వచ్చిన స్లిక్ 50 అరుగుదలను తగ్గిస్తుందన్న ప్రకటనలకు సరైన ఆధారం లేదని కమిషన్ 1996లో ఫిర్యాదు చేయగా, 1997లో ఆ కేసు రాజీతో ముగిసింది. మైలేజీ కనీసం 10 శాతం పెరుగుతుందన్న జీమ్యాక్స్ 2003లో 10 లక్షల డాలర్లకు రాజీపడింది. నిరూపించలేక వెనక్కి తగ్గింది 10 శాతం దగ్గరే అయినప్పుడు, 15 శాతమని చెప్పేవారిని పరీక్షా పత్రం చూపమని అడిగే హక్కు మీకు ఉంది.

మీ మైలేజీ ఎందుకు తగ్గిందన్నది కూడా పెద్ద చిక్కుముడి కాదు. పెట్రోలుతో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. పాత పెట్రోలు కోసం రూపొందించి ఈ10కు సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 వల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. 17 నుంచి 16కు రావడమంటే దాదాపు 6 శాతం. ఇంధనంలో లేని శక్తిని ఏ సీసా కూడా తెచ్చి పెట్టలేదు.

ఇంజెక్టర్ క్లీనర్ల విషయంలో మాత్రం అంత కఠినంగా మాట్లాడలేను. పాలీఈథర్ అమైన్ అనే డిటర్జెంట్ ఇంజెక్టర్ల మీద, ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకున్న గట్టి పొరను నిజంగానే కరిగిస్తుంది. అమెరికాలో 1995 నుంచి అన్ని పెట్రోళ్లలోనూ ఏదో ఒక డిటర్జెంట్ ఉండాలన్న నిబంధన కూడా ఉంది. కాకపోతే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వును తాకదు కాబట్టి, ఆ వాల్వుల మసికి ట్యాంకులో పోసే మందు పనిచేయదు.

ఆటోనగర్_మెకానిక్:

అన్నగారూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఇంజిన్లు విప్పుతున్నాను. ఇంజెక్టర్ క్లీనర్ గురించి డాలస్ అన్నగారు చెప్పిన మాట నిజం. నెలల తరబడి నిలబెట్టిన బండ్లు ఐడిలింగ్‌లో వణుకుతున్నప్పుడు ఒక సీసాతో సర్దుకున్నవి నేను చూశాను. బాగా నడుస్తున్న బండికి ప్రతి సర్వీసులోనూ అది వేయడం వల్ల నాకు ఎప్పుడూ తేడా కనిపించలేదు.

ఇంజిన్ ఫ్లష్ విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్తగా ఉండండి. ఆయిల్ మార్పులు ఎగ్గొట్టిన ఒక పాత బండికి వేరే షెడ్డులో ఫ్లష్ పోశారు. లోపలి బురద పెళ్లలుగా ఊడి సంప్‌లోని స్ట్రైనర్‌ను మూసేసింది. ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగినా కస్టమర్ ఇంటి దాకా నడిపారు. ఆ బండి నా దగ్గరకు వచ్చేసరికి బేరింగులు పోయాయి. సమయానికి ఆయిల్ మార్చిన ఇంజిన్‌కు ఫ్లష్ అవసరం లేదు. మార్చని ఇంజిన్‌కు అది ప్రమాదం.

ఆయిల్ ఎంత తాగుతోందో ముందు కొలవండి. చల్లారిన బండిని సమతలం మీద ఉంచి డిప్‌స్టిక్ పై గీత వరకు ఆయిల్ నింపండి. 1,000 కిలోమీటర్ల తరువాత అదే చోట నిలిపి, మళ్లీ పై గీతకు రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో రాసుకోండి. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే కాస్త నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్‌ను అనుమానించాలి. నడుస్తున్నప్పుడు రేజ్ చేసిన ప్రతిసారీ పొగ వస్తే పిస్టన్ రింగులను చూడాలి. ఈ రెండింటికీ ముందు పీసీవీ వాల్వు (ఇంజిన్ అడుగున చేరే వాయువులను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) మూసుకుపోయిందేమో చూడండి, ఎందుకంటే అది చవకైన భాగం.

మున్నేటిగట్టు:

ముగ్గురికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్లే కొలిచాను. 1,000 కిలోమీటర్లకు 300 మిల్లీలీటర్లు పట్టింది. పీసీవీ వాల్వు మార్పించిన తరువాత మరో 1,000 కిలోమీటర్లకు 260 పట్టింది. నీలి పొగ ఉదయం మొదటి స్టార్ట్‌లో మాత్రమే కనిపిస్తోంది. సర్వీసు సెంటరులో ఇకమీదట జాబ్‌కార్డు మీద ‘ఆయిల్, ఫిల్టర్ తప్ప మరేదీ కలపరాదు’ అని రాయించి సంతకం తీసుకుంటున్నాను. వాల్వ్ సీల్స్ మార్చాలంటే ఇంజిన్ హెడ్ మొత్తం దించవలసిందేనా?

ఆటోనగర్_మెకానిక్:

అవసరం లేదు అన్నగారూ. స్పార్క్ ప్లగ్ రంధ్రం నుంచి సిలిండర్‌లోకి గాలి ఒత్తిడి పెట్టి, వాల్వు కిందికి జారకుండా నిలబెట్టి, స్ప్రింగు తీసి సీల్ మార్చవచ్చు. టైమింగ్ చెయిన్ గుర్తులు సరిచూసుకునే చేయి తిరిగిన మనిషి చేతనే చేయించండి. దానికి ముందు ఒకసారి కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో) కూడా చూపించండి, ఎందుకంటే రింగులు కూడా పోయి ఉంటే సీల్స్‌కు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.