సాటి మనిషిని ప్రేమిస్తేనా, ఒంటరిగా సాధన చేస్తేనా, మనసు నిండేది ఎలాగ?

సిక్కోలు శీను:
కార్తీక మాసంలో మా ఊరి గుడికాడ ఒక స్వామీజీ ప్రవచనం చెప్పారు, ముందు నువ్వు నిండు, లోకం సంగతి తర్వాత, బంధాలన్నీ అడ్డే అని. నాకది అస్సలు మింగుడుపడలేదు. భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లికి చెప్పిందేటి? అన్ని జీవుల్లోనూ నేనుంటే అక్కడ నన్ను పట్టించుకోకుండా విగ్రహానికి పూజ చేసేవాడు బూడిదలో హోమం చేసినట్టే అని కదా. అరసవిల్లిలో ఆదివారం క్యూలో ముందున్న ముసలమ్మని నెట్టేసి లోపలికెళ్లి దండం పెడితే ఏటి లాభం? మీరేటంటారు?

రాజాం బావ:
శీనూ, అదే భాగవతంలో ఐదో స్కంధం కూడా చూడు. భరతుడు రాజ్యం, పెళ్లాం, పిల్లలు అన్నీ వదిలేసి తపస్సుకి పోయి, తల్లి చచ్చిపోయిన లేడిపిల్లని జాలిపడి చేరదీసి, ఆఖరికి దానిమీదే ధ్యాసతో ప్రాణం వదిలి లేడిగా పుట్టాడు. ముంచింది ప్రేమే కదా! స్వామీజీ తప్పేం చెప్పలేదు.

కళింగపట్నం మాస్టారు:
భరతుణ్ణి ముంచింది ప్రేమ కాదు బాబూ, ఆ ఒక్క లేడి దగ్గరే ఆగిపోవడం. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు, సుఖమైనా దుఃఖమైనా అందరిదీ తనదిలా చూసేవాడే గొప్ప యోగి అంటాడు, అందరిదీ అన్నాడు, నావాళ్లది అనలేదు.

ఉద్దానం కోడలు:
మాస్టారూ, మీరంతా మగాళ్లు, ప్రేమ గురించి బాగానే చెప్తారు. మా ఆయనకి కిడ్నీలు పోయాయి, మా వేపు ఇంటికొకరు ఇలాగే ఉన్నారు, తెల్లారకుండా లేచి వంట చేసి, ఆటో మాట్లాడుకుని, డయాలిసిస్ కి పడుకోబెడితే నాలుగు గంటలు బయట కూర్చోవాలి. ఇంటికొస్తే అత్తగారి పనులు. అందరూ నువ్వు దేవతవమ్మా అంటారు గానీ ఒక్కరు కూడా ఒక పూట నేను చూస్తాను నువ్వు పడుకో అనరు. ఆ ప్రేమ నన్ను నింపలేదు, పిండేసింది. దేవుడి దగ్గర కూర్చున్నా ఏడుపే వచ్చేది.

కానీ ఒకటి చెప్పాలి. ఆ వార్డు బయట కవిటి నుంచి, సోంపేట నుంచి వచ్చే ఆడవాళ్లం పరిచయమయ్యాం. ఒకామెకి కేరేజీ తెచ్చుకునే ఓపిక లేకపోతే నాది సగం పెట్టేదాన్ని, నేను కునుకు తీస్తే ఆమె మా ఆయన్ని చూసేది. వాళ్లు నాకేమీ కారు. అయినా ఆ కాసేపు నా బెంగ నాకు బరువనిపించేది కాదు, అంత తేలిక ఏ పూజలోనూ నాకు దొరకలేదు. చెయ్యడం ఒకటే కాదు, చేయించుకోవడం కూడా ఉండాలి, ఈ రెండోది ప్రవచనాల్లో ఎవరూ చెప్పరు.

రాజాం బావ:
అప్పా, మీ మాటకి ఎదురు చెప్పలేను. కానీ వాళ్లు మీకు పడనివాళ్లు కాదు కదా. గట్టు తగాదాలో కోర్టుకెక్కిన మా అన్నని నేను ఎలాగ ప్రేమించాలి, అది చెప్పండెవరైనా.

కళింగపట్నం మాస్టారు:
వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలు చూశావా? ఆ బౌద్ధులు చేసే మైత్రీ భావన అనే ధ్యానంలో మొదట తన మేలు కోరుకుంటారు, తర్వాత ఇష్టమైనవాడిది, తర్వాత ముక్కూమొహం తెలీనివాడిది, పడనివాడు వచ్చేది ఆఖర్నే. నీతో మొదలెట్టమనడం తప్పు కాదు, స్వామీజీతో అక్కడిదాకా ఒప్పుకుంటాను. అక్కడే ఆగిపోతే మాత్రం ఒప్పుకోను.

సిక్కోలు శీను:
అంటే బావని కేసు వదులుకోమంటారా మాస్టారూ?

కళింగపట్నం మాస్టారు:
అక్కర్లేదు, నీ హక్కు నువ్వు అడుగు. మీ అన్న పిల్లాడికి అర్ధరాత్రి జ్వరమొస్తే బండి తియ్యడానికి మాత్రం ఆ కేసు అడ్డం రాకూడదు.

రాజాం బావ:
బండి తీస్తాను మాస్టారూ. వాడు ఎక్కించనిస్తాడా అన్నదే నా భయం.