పదో తరగతి పిల్లల్ని జట్టులోంచి తీసేయాలా?

పీఈటీ, విజయనగరం జిల్లా:
మా హైస్కూలు అండర్-17 కబడ్డీ జట్టులో సగానికి పైగా పదో తరగతి వాళ్లే. అది ఏ బడిలోనైనా అంతే, ఆ వయసుకే ఒళ్లు గట్టిపడుతుంది. మండలంలో గెలిచాం. ఇక జిల్లా సెలెక్షన్లు. ఈలోగా టెన్త్ పిల్లలెవరినీ గ్రౌండ్‌కి పంపొద్దని స్టాఫ్ మీటింగ్‌లో తేల్చేశారు. నూరు శాతం రిజల్టు రావాలట. అదే మీటింగ్‌లో "మన బడి నుంచి స్టేట్‌కి ఒక్కరూ వెళ్లడం లేదేం మాస్టారూ" అని కూడా అడిగారు. ఈ రెండూ ఒక్కడి మీదే పెడితే ఎలా? టెన్త్ పిల్లల్ని ఆటకు దూరం చేయడం న్యాయమేనా? టీచర్లు, తల్లిదండ్రులు చెప్పండి.

లెక్కల టీచర్:
న్యాయమే మాస్టారూ. మీ మీద కోపంతో అనడం లేదు. సెలెక్షన్లకో రోజు పోతుంది. ఎంపికైతే క్యాంపు, ఆపైన స్టేట్ పోటీలు. ఆ రోజుల్లో చెప్పిన త్రికోణమితి వాడికి మళ్లీ ఎవరు చెబుతారు? మన బడులకొచ్చే పిల్లలకు ఇంట్లో చెప్పేవాళ్లుండరు, ట్యూషన్‌కి డబ్బులుండవు. టెన్త్ తప్పాడంటే మగపిల్లాడు చెన్నైకో హైదరాబాద్‌కో పనికి పోతాడు. ఆడపిల్లకు సంబంధాలు చూడడం మొదలెడతారు. నేను కళ్లారా చూశాను. మండల స్థాయి సర్టిఫికెట్ ఆ పెళ్లిని ఆపదు.

ఒక తల్లి, వరంగల్ జిల్లా:
మేడం, దీప్తి జీవాంజి మా జిల్లాలోని కల్లెడ పిల్లే. కూలి చేసుకునే ఇల్లు. బడిలో పరుగెత్తుతుంటే ముందుగా గుర్తించింది అక్కడి పీఈటీ సారే. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచింది. ఆ సారు "ఇప్పుడు చదువుకో, తర్వాత చూద్దాం" అనుంటే? మా బిడ్డ ఖోఖో ఆడుతుంది. టెన్త్ అని ఆపితే ఒప్పుకోను. కానీ సార్లు కూడా ఒకటి ఆలోచించాలి. ఆడపిల్లల్ని వేరే ఊరు తీసుకుపోయేటప్పుడు వెంట లేడీ టీచర్ ఉండాలి. రాత్రి ఎక్కడ పడుకుంటారో ముందే చెప్పాలి. అది చెప్పకుండా సంతకం పెట్టమంటే ఏ తల్లికైనా టెన్షనే.

లెక్కల టీచర్:
దీప్తి గురించి నాకూ గర్వమే అమ్మా. కానీ పతకం తెచ్చిన పిల్లను చూపించి, ఏ పతకమూ రాని మిగతా పిల్లల చదువును పణంగా పెట్టలేం కదా.

పాత ఆటగాడు:
ఒత్తిడి చదువు వైపు నుంచే వస్తుందనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతం చేశాక ఊళ్లలో సర్టిఫికెట్ మీద ఆశ పెరిగింది. మంచిదే. కానీ "ఆడించకపోయినా పర్లేదు, లిస్టులో మావాడి పేరు రాయండి" అని పెద్దమనుషులు పీఈటీ ఇంటికే వస్తున్నారు. కాదంటే పండక్కి కూడా పలకరించరు. సిటీలో కోచ్‌కి ఈ బాధ లేదు, సాయంత్రమైతే ఎవరికి ఎవరో. పల్లెలో ఆయన పాలు పోయించుకునేది కూడా ఆ పిల్లాడి ఇంట్లోనే.

పీఈటీ, విజయనగరం జిల్లా:
పై మాట అక్షరాలా నిజం. అందుకే వివరంగా రాస్తున్నాను.

బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద హైస్కూలుకు ఆట సామగ్రికి ఏడాదికి 25,000 రూపాయలు. వాలీబాల్ నెట్టు, బంతులు, షాట్‌పుట్ గుండు, క్యారమ్ బోర్డులు అన్నీ అందులోనే. కబడ్డీ మ్యాట్ లక్షల్లో ఉంటుంది. మా పిల్లలు మట్టిలో వట్టికాళ్లతో ఆడి, పై స్థాయిలో మొదటిసారి మ్యాట్ ఎక్కుతారు. బూట్లు అలవాటుండవు, పట్టు చిక్కదు, మోకాళ్లు చీరుకుపోతాయి. ఓడి వస్తే "సరిగా నేర్పలేదు" అంటారు. బరువు పరిమితి మరో గండం. పోటీ ముందు రోజు అన్నం మానేసే పిల్లాణ్ని పట్టుకుని తినిపించడం కూడా నా పనే. తినిపిస్తే వాడు బరువు దాటి జట్టులోంచి పోతాడేమోనని భయం, తినకపోతే కోర్టులో కళ్లు తిరిగి పడిపోతాడని భయం.

ఆధార్‌లో పుట్టినతేదీ మార్చుకొస్తాం, అండర్-14లో ఆడించండి అన్నవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను. నిజంగా పదమూడేళ్లున్న పిల్లాడు ఆ దొంగ వయసువాడి కింద పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఎవరు జవాబుదారీ?

మేడం, మీరన్న త్రికోణమితి సంగతి కాదనను. కానీ మా వాళ్లలో కొందరు బడికి వస్తున్నదే సాయంత్రం ఆట కోసం. ఆట ఆపేస్తే వాళ్లు మీ క్లాసులో శ్రద్ధగా కూర్చోరు, బడే మానేస్తారు. అప్పుడు నూరు శాతం ఎక్కడ? విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆటస్థలమూ ఉంది, ఆట సామగ్రీ ఉంది. ఆట అనేది మేం దయతలచి ఇచ్చేది కాదు.

లెక్కల టీచర్:
బడి మానేస్తారన్న మాట ఒప్పుకుంటాను. మా దగ్గరా అలాంటి పిల్లలున్నారు. అయినా పరీక్షలు మార్చిలో. ఎక్కడో ఒకచోట గీత గీయాలి. మీరైతే ఎక్కడ గీస్తారు?

పీఈటీ, విజయనగరం జిల్లా:
సంక్రాంతి సెలవులు. ఆ తర్వాత టెన్త్ పిల్లలకు నేనే గ్రౌండ్ బంద్ చేస్తాను, నేషనల్స్‌కి ఎంపికైన వాళ్లకు తప్ప. అప్పటిదాకా తెల్లవారి గంట, సాయంత్రం గంట నాకు వదలాలి. స్పెషల్ క్లాసులు ఆ రెండింటినీ మింగకూడదు. పోటీలకు వెళ్లిన రోజులకు హాజరు వేయాలి, పోయిన పాఠం చెప్పించాలి. లిస్టులో పేర్లు నా ఒక్కడి మీద వదలకుండా హెచ్.ఎం.గారి ముందు, అందరూ చూస్తుండగా ఆడించి ఎంపిక చేయాలి. ఇవన్నీ సోమవారం కాగితం మీద పెట్టి ఇస్తున్నాను.

ఒక తల్లి, వరంగల్ జిల్లా:
లేడీ టీచర్ సంగతి కూడా రాయండి సారూ.

లెక్కల టీచర్:
పోయిన పాఠం ఎవరు చెప్పాలో కూడా రాయండి. "చెప్పించాలి" అని వదిలేస్తే ఎవరూ చెప్పరు. మా బడిలో అయితే నేను చెబుతాను, కానీ ఆదివారం పొద్దున్న పిల్లాణ్ని పంపే బాధ్యత మాత్రం పీఈటీదే.