ప్రశ్న చివర ‘తెలియజేయుదురా’నా, ‘తెలియజేయగలరా’నా?

నల్లగొండ తెలుగు టీచర్:
మా బడిలో వచ్చే వారం పిల్లలతో మాక్ అసెంబ్లీ పెడుతున్నాం. ప్రశ్నోత్తరాల కోసం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి మర్రిగూడ నీళ్ల మీద ప్రశ్న రాసింది. సభలో అడిగే తీరు నేర్పుదామంటే, ఎప్పుడో పాత శాసనసభ చర్చల పుస్తకంలో చదివిన వాక్యం సగం దగ్గరే ఆగిపోతోంది. ‘ఫలానా శాఖ గౌరవ మంత్రి ఈ క్రింది విషయములు దయచేసి తెలియజే...’ దాకా బాగానే వస్తుంది. ఆ తర్వాత ‘యుదురా’ అని ఉండేదా, ‘యగలరా’ అని ఉండేదా? రెండు రోజులుగా ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

దేవరకొండ లాయర్:
‘యుదురా’నే మేడమ్. ‘గలరా’ అంటే చేతనవుతుందా అని అడిగినట్టు. సమాచారం ఇవ్వడం మంత్రి బాధ్యత, అందులో చేతనవడం కాకపోవడం ఏముంది? ఢిల్లీలో ఇంగ్లీషు ప్రశ్న ‘విల్ ద మినిస్టర్ బీ ప్లీజ్డ్ టు స్టేట్’ అని మొదలవుతుంది, హిందీ ప్రశ్న ‘బతానే కీ కృపా కరేంగే’ అంటుంది. శక్తి ప్రసక్తి రెండింట్లోనూ లేదు.

గద్వాల విశ్రాంత లెక్చరర్:
లాయర్ గారూ, ‘గల’ను శక్తికి మాత్రమే కట్టేస్తే ఎట్లా? చిన్నయసూరి వ్యాకరణం బాటలో చదువుకున్నవాళ్లకు ‘వండగలడు’ భవిష్యదర్థకం, ‘వండును’ తద్ధర్మార్థకం, అంటే అలవాటును, స్వభావాన్ని చెప్పేది. ‘వండుదురు’ కూడా తద్ధర్మమే. ఆ లెక్కన ‘తెలియజేయుదురా’ అంటే ‘తెలియజేసే అలవాటు ఉన్నదా’ అని, ‘తెలియజేయగలరా’ అంటే ‘ఇప్పుడు తెలియజేస్తారా’ అని. సభకు కావలసింది రెండోదే కదా.
పెళ్లిపత్రికలో ‘విచ్చేయగలరు’ అని చదివి నాకు వచ్చే శక్తి ఉందా అని ఎవరూ ఆలోచించరు. అంతదాకా ఎందుకు, మీ కోర్టుకు వచ్చే ప్రామిసరీ నోటే చూడండి. ‘అసలు వడ్డీతో సహా చెల్లించగలవాడను’ అని ఉంటుంది. స్తోమత ఉందని చెప్పడానికి రాశాడా, చెల్లిస్తానని మాట ఇవ్వడానికి రాశాడా?

దేవరకొండ లాయర్:
నోటు సంగతి నిజమే, మాట ఇవ్వడానికే రాస్తారు. కానీ అది ఉత్తమ పురుష. తన గురించి తాను ‘గలవాడను’ అనడం వేరు, ఎదుటివారిని ‘గలరా’ అని అడగడం వేరు. ప్రశ్న గుర్తు తగలగానే ‘గల’లోని శక్తి పైకి తేలుతుంది. ఇక తద్ధర్మం అలవాటుకే పరిమితం అంటే కావ్యాలు సగం చదవలేం. రేపటి పనికి ‘చేయుదును’ అన్న పాత్రలు ఎన్ని లేవు?

అచ్చంపేట బీఎడ్ విద్యార్థి:
మా దిక్కు ‘జెర చెప్తరా సార్’ అంటే అలవాటు, రేపు, శక్తి, వినయం అన్నీ అందులోనే. ఈ తేడా రాతలోనే పుట్టిందా?

గద్వాల విశ్రాంత లెక్చరర్:
మంచి ప్రశ్న తమ్ముడూ. కాకపోతే ‘చెప్తరా’లో వినయం ‘జెర’లో ఉంది, క్రియలో లేదు. సభలో ఆ ‘జెర’ స్థానంలో ‘దయచేసి’ కూర్చుంది.

మిర్యాలగూడ విలేకరి:
చివరి అక్షరం తర్వాత చూద్దాం, ముందు లోపల ఏముందో చూడాలి. టీచర్ గారూ, ఆ అమ్మాయి రాసింది ఉన్నది ఉన్నట్టు పెట్టండి.

నల్లగొండ తెలుగు టీచర్:
‘మర్రిగూడ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెలిసి కూడా ప్రభుత్వం ఇన్నేళ్లు ఎందుకు నిద్రపోయింది?’

మిర్యాలగూడ విలేకరి:
మాట బలంగా ఉంది, ఆ పిల్ల కడుపుమంట కూడా న్యాయమైనదే. కానీ నోటీసు దశలోనే ఆగిపోతుంది. లోక్‌సభ నియమావళిలో 41వ నియమం ఉంది. ప్రశ్న సాధారణంగా 150 పదాలు దాటకూడదు. వాదన, అనుమానంతో తీసిన నిర్ణయం, వ్యంగ్యం, నిందారోపణ ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు, ఊహాజనితమైన సంగతి మీద జవాబు కోరకూడదు. ‘నిద్రపోయింది’ ఒక్క మాటతో నింద, వాదన రెండూ వచ్చేశాయి.
అదే కోపాన్ని ఇలా రాయించండి:
‘అ) నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో తాగే బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించి ఉన్న మాట వాస్తవమేనా, ఆ) అయినచో, ఏయే గ్రామాలలో, ఇ) ఆ గ్రామాలకు శుద్ధి చేసిన నీటిని ఏ సంవత్సరం నుండి ఇస్తున్నారు, ఈ) ఇవ్వనిచో, కారణములేవి?’
ఇందులో నింద ఒక్కటీ లేదు. కానీ ‘వాస్తవమేనా’కు మంత్రి అవుననో కాదనో రికార్డుకు ఎక్కేలా చెప్పాలి. ‘కాదు’ అంటే కిందివాటికి ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. అందుకే మొదటి భాగంలో ఊరి పేరు, అంకె తప్పుపట్టలేనంత గట్టిగా ఉండాలి. ‘అ’ కూలితే ‘ఈ’ దాకా అన్నీ కూలినట్టే. నక్షత్రం గుర్తున్న ప్రశ్న అయితే సభలో నోటితోనే జవాబు చెప్తారు, ఆ జవాబు మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న కూడా వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబే. లోక్‌సభలో నక్షత్రం గుర్తున్నవి రోజుకు 20 మాత్రమే. అసలు పట్టు అనుబంధ ప్రశ్నలో ఉంటుంది. అప్పుడు కూడా ‘మీరు’ అని మంత్రి మీదికి పోకూడదు. ‘అధ్యక్షా, తమరి ద్వారా మంత్రిగారిని అడుగుతున్నాను’ అనాలి.

గద్వాల విశ్రాంత లెక్చరర్:
విలేకరి గారు చివర్లో అన్నదాని దగ్గరే అసలు కిటుకు ఉంది. ఇంగ్లీషులో మంత్రి ప్రథమ పురుషలోనే ఉండిపోతాడు. తెలుగులో ‘మీరు తెలియజేయుదురు’, ‘వారు తెలియజేయుదురు’ రెండూ ఒకటే రూపం. అడిగేది అధ్యక్షుడి ద్వారానే అయినా ఆ ‘రా’ ఎదుట కూర్చున్న మంత్రికి సూటిగా తగులుతుంది. మర్యాద తప్పినట్టూ కాదు, గురి తప్పినట్టూ కాదు. భూతకాలంలో ఈ వెసులుబాటు లేదు. గ్రాంథికంలో ‘చేసితిరా’ అంటే మీరు, ‘చేసిరా’ అంటే వారు. పాత రోజుల్లో సభ్యుడు తొందరలో ‘చేసితిరా’ అన్నాడంటే అధ్యక్షుణ్ని దాటేసినట్టే.

వనపర్తి రంగస్థల నటుడు:
‘తిరి’ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ నాటకంలో నిద్ర లేచిన కృష్ణుడు దుర్యోధనుణ్ని ‘ఎప్పుడు వచ్చితీవు’ అని పలకరిస్తాడు. ఆ ‘తీ’ దగ్గర రాగం ఎంతసేపు నిలబెడితే అంత చప్పట్లు. మా ఊళ్లల్లో ఆ పద్యం రాని కృష్ణుడికి వేషం ఇవ్వరు. అక్కడ కూడా అడిగేది క్షేమమే, కానీ తమ్ముళ్లు, కొడుకులు, చుట్టాలు అందరినీ వరుసగా అడుగుతూ వచ్చిన పని బయటపెట్టిస్తాడు. అ, ఆ, ఇ, ఈ భాగాల ప్రశ్న అంటే అదే.

దేవరకొండ లాయర్:
‘వచ్చితివి’ని ఛందస్సు కోసం సాగదీశారు, అంతే.

వనపర్తి రంగస్థల నటుడు:
అంతే అనకండి సార్. ‘తివి’, ‘తీవు’ రెండూ ఉన్న రూపాలే. శార్దూల పద్యంలో గురువు (సాగదీసి పలికే అక్షరం) కావలసిన చోట సరిగ్గా సరిపోయే రూపం ఎంచుకోవడం కవి చేసే పని, సాగదీయడం నటుడు చేసే పని.

నల్లగొండ తెలుగు టీచర్:
పద్యం దాకా వెళ్లాం కాబట్టి అడుగుతున్నాను. సభను ఉద్దేశించి వేసిన ప్రశ్నల్లో ద్రౌపది ప్రశ్నను మించింది ఉందా? పిలవడానికి వచ్చిన దుర్యోధనుడి దూత ప్రాతికామిని వెనక్కి పంపి, ధర్మరాజు జూదంలో తనను ముందు ఓడాడా, నన్ను ముందు ఓడాడా అని అడిగి రమ్మంది. ఏడవలేదు, తిట్టలేదు, మొదట ఒక్క వాస్తవం అడిగింది. మా పిల్లలకు అది చెప్పాలని ఉంది.

మిర్యాలగూడ విలేకరి:
తప్పకుండా చెప్పండి. ‘మాట వాస్తవమేనా’కు అంతకంటే పదునైన ఉదాహరణ లేదు. జవాబు ఏదైనా సభ ఇరుక్కుంటుంది.

గద్వాల విశ్రాంత లెక్చరర్:
కానీ 41వ నియమం ప్రకారం చూస్తే? అమూర్తమైన న్యాయ ప్రశ్నకు పరిష్కారం అడగకూడదని కూడా అందులో ఉంది. తాను ఓడిన తర్వాత భార్యను ఒడ్డే హక్కు ఉంటుందా అనేది ధర్మశాస్త్ర ప్రశ్నే. భీష్ముడు కూడా ధర్మం సూక్ష్మమైంది, చెప్పలేను అని తప్పుకున్నది అందుకే.

దేవరకొండ లాయర్:
ఇక్కడ మాత్రం ఒప్పుకోను సార్. ఆమె అడిగింది వరుస గురించి, ఎవరు ముందు ఎవరు తర్వాత అని. అది సాక్షులందరి కళ్ల ముందు జరిగిన సంగతి, అమూర్తం కాదు. న్యాయం దానంతట అదే తేలుతుంది. భీష్ముడు తప్పుకున్నది ప్రశ్న చెల్లక కాదు, జవాబు తెలిసి. కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు లేచి చెప్పగలిగాడు కదా.

గద్వాల విశ్రాంత లెక్చరర్:
‘చెప్పగలిగాడు’ అన్నారు. ఇప్పుడు చెప్పండి, ఆ ‘గల’ శక్తా, కాలమా?

దేవరకొండ లాయర్:
అది ‘కలుగు’ ధాతువు సార్. ‘గలరా’లోది ‘కల’. రెండూ ఒకటేనని మీరంటే వ్యాకరణ సూత్రం చూపించండి, అప్పుడు మాట్లాడదాం.