'పాత్\టు\యువర్\ఫోల్డర్' అని ఉన్నదున్నట్టు టైపు కొట్టేస్తున్నారు, వీళ్లకి ఎలా చెప్పాలి?

గవర్నర్‌పేట లెడ్జర్ అడుగుతున్నారు:

నమస్కారం అండీ. విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. నెలనెలా క్లయింట్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు వస్తాయి, ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు. అన్నిటినీ కలిపి ఒకే ఎక్సెల్ షీట్ చేసే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి పెట్టాను. నా సిస్టమ్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. చిక్కల్లా మిగతావాళ్లు నడపడం దగ్గరే.

ఒక పేజీలో ఎలా నడపాలో ప్రింట్ తీసి ఇచ్చాను. కమాండ్లు రెండే రెండు లైన్లు, మొదటిది ఫోల్డర్‌లోకి వెళ్లడానికి, రెండోది స్క్రిప్ట్ నడపడానికి. ప్రింట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

సీడీ పాత్\టు\యువర్\ఫోల్డర్
పైథాన్ కలుపు.పీవై <క్లయింట్_ఫోల్డర్> <అవుట్‌పుట్_ఫైల్>

మా సీనియర్ అకౌంటెంట్ ఒకాయన ఉన్నారు. ట్యాలీలో చేయి తిరిగిన మనిషి. జీఎస్టీ రిటర్న్‌లో పది రూపాయల తేడా వస్తే ఏ వోచర్‌లో ఉందో వాసన పట్టేస్తారు. ఆయన మొదటి లైను అక్షరం పొల్లు పోకుండా కొట్టారు, 'యువర్ ఫోల్డర్'తో సహా. సిస్టమేమో అలాంటి పాత్ దొరకలేదంది. "అమ్మాయ్, నువ్వు రాసిందే కదా కొట్టాను" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. సీఏ ట్రైనింగ్‌లో భాగంగా ఆర్టికల్స్ చేస్తున్న కుర్రాడు ఒకడున్నాడు, వాడికి పేరు మార్చాలని తట్టింది. మార్చాడు, కానీ కోణపు బ్రాకెట్లు అలాగే ఉంచేశాడు.

వీడియోలు చూపించాను, ఆవలింతలు తప్ప ఏమీ రాలేదు. పాత్ అంటే ఏంటో, ఎక్కడ మార్చాలో, ఎక్కడ ముట్టుకోకూడదో ఎలా చెబితే బుర్రకెక్కుతుంది? అందరివీ విండోస్ సిస్టమ్సే, కమాండ్ ప్రాంప్ట్ వాడుతున్నాం.

బ్రాడీపేట పాతకాపు:

మీ సీనియర్ గారిని ఏమీ అనకమ్మా. ఆయన ఇన్నేళ్లూ చేసిన పనేంటి? కాయితం మీద ఉన్నది అంకె పొల్లు పోకుండా ఎక్కించడం. సొంతంగా ఒక్క అంకె మార్చినా చీవాట్లే. అలాంటి మనిషికి కాయితం ఇచ్చి, ఇందులో కొంత ఉన్నదున్నట్టు కొట్టండి, కొంత మీరే మార్చుకోండి, ఏది ఎంతో మాత్రం చెప్పను అంటే ఎలా? మీరు ప్రింట్ తీసిచ్చిన షీట్‌లో 'సీడీ'కీ 'యువర్'కీ అచ్చులో తేడా లేదు. అదే ఫాంటు, అదే సైజు. ఏది కమాండ్‌దో ఏది మనదో రాసినవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

గుంటూరులో నాకు నెట్ సెంటర్ ఉండేది. ఫోన్లలో డేటా చవకయ్యాక ఆ వ్యాపారం ఏమైందో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు అదే గదిలో సాయంత్రాలు డిగ్రీ పిల్లలకీ, ఉద్యోగం మారదామనుకునేవాళ్లకీ కంప్యూటర్ చెబుతుంటాను. పాత్ అంటే ఫైలో ఫోల్డరో ఎక్కడుందో చెప్పే దారి. దాని గురించి చెప్పాలంటే నేను మా ఊరి అడ్రసే వాడతాను.

బ్రాడీపేటలో ఇల్లు ఎక్కడంటే 4/1 అంటారు. నాలుగో లైను, ఒకటో అడ్డరోడ్డు. గుంటూరు ఆటో అతనికి అంతకంటే చెప్పక్కర్లేదు. అయితే 4/1 అరండల్‌పేటలోనూ ఉంది. ఉత్తి 4/1 అంటే ఆటో అతను "ఏ పేట సార్?" అని అడుగుతాడు. కంప్యూటర్ అడగదు. తను నిలబడ్డ పేటలోనే 4/1 ఉందేమో చూస్తుంది. ఉంటే వెళ్లిపోతుంది, లేకపోతే దొరకలేదంటుంది. పక్క పేటలో వెతుకుదామన్న ఆలోచనే రాదు దానికి. అబ్సల్యూట్ పాత్, రెలెటివ్ పాత్ అని పుస్తకాల్లో చెప్పే గొడవంతా ఇంతే. సీ:\ దగ్గర్నుంచి రాస్తే పేటతో సహా చెప్పినట్టు, ఎక్కడ నిలబడి చెప్పినా అదే ఇంటికి చేరుతుంది, అది అబ్సల్యూట్. ఉత్తి 'మార్చి' అని రాస్తే, ఇప్పుడు నిలబడ్డ చోటే మార్చి నెల పేరుతో ఫోల్డర్ ఉండాలి, అది రెలెటివ్. రెండు చుక్కలు పెడితే ఒక ఫోల్డర్ బయటికి రావడం. ఒక్క చుక్కంటే ఇక్కడే. మీ విజయవాడలో ఈ లైన్ల లెక్క లేదనుకోండి, అయినా గుంటూరులో ఒక్క చుట్టం కూడా లేని బెజవాడ మనిషి ఉండడు లెండి, అర్థమవుతుంది.

క్లాసులో మాత్రం ఇది మొదట చెప్పను. "ఇప్పుడు ఎక్కడున్నావు?" అని అడుగుతాను. కమాండ్ ప్రాంప్ట్ తెరవగానే సీ:\యూజర్స్\ అని, తర్వాత వాళ్ల పేరు, ఆ పక్కన > గుర్తు కనపడతాయి కదా. చాలామంది అదేదో కంపెనీ వాళ్లు పెట్టిన బోర్డు అనుకుని చదవరు. వాళ్లు నిలబడ్డ చోటు అదే. అక్కడ 'డీఐఆర్' కొట్టమంటాను. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అని జాబితా వస్తుంది. పక్కనే ఎక్స్‌ప్లోరర్‌లో అదే ఫోల్డర్ తెరిపిస్తాను. రెండింటిలోనూ అవే పేర్లు. రోజూ మౌస్‌తో క్లిక్ చేసే పసుపుపచ్చ ఫోల్డర్లే ఈ నల్ల స్క్రీన్‌లో ఉన్నవి అని అప్పుడు తెలుస్తుంది. అంతవరకూ ఈ నల్ల స్క్రీన్ వేరే లోకం అనుకుంటారు. ఈ ఒక్క పని చేయించకుండా సీడీ జోలికి వెళ్లకండి.

తర్వాత 'సీడీ డీఓసీ' వరకే కొట్టించి ట్యాబ్ నొక్కమనండి. మిగతా పేరు అదే పూర్తవుతుంది. పూర్తవలేదంటే ఆ పేరుతో మొదలయ్యేది అక్కడ ఏదీ లేదన్నమాట. స్పెల్లింగ్ తప్పో, నిలబడ్డ చోటు తప్పో ఎంటర్ కొట్టకముందే బయటపడుతుంది. చేతికి శ్రమ తగ్గుతుందని ట్యాబ్ నేర్పుతారు అందరూ. దారి సరిచూసుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదని ఎవరూ చెప్పరు.

ఇక ప్లేస్‌హోల్డర్లు, అంటే మన పేరు పెట్టుకోమని వదిలిన నమూనా మాటలు. వీటి మీద నాకు కాస్త కోపమే. ఒకరు కోణపు బ్రాకెట్లు పెడతారు, ఒకరు అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో రాస్తారు, ఇంకొకరు ముందు 'యువర్' తగిలిస్తారు. చదరపు బ్రాకెట్లు పెడితే అర్థం వేరు, కావాలంటే ఇవ్వొచ్చు, లేకపోతే మానేయొచ్చు అని. మూడు చుక్కలుంటే అలాంటివి ఇంకా ఎన్నయినా ఇవ్వొచ్చని. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ పేజీల నుంచీ వస్తున్న పద్ధతి. తెలిసినవాళ్లకి ఒక్క చూపులో అర్థమవుతుంది, కొత్తవాళ్లకి ఎవరూ చెప్పి చావరు.

అన్నిట్లోకీ కోణపు బ్రాకెట్లు ప్రమాదం. అవి ఉత్తి అలంకారం కాదు, కమాండ్ ప్రాంప్ట్‌కి పని చెప్పే గుర్తులు. < అంటే ఈ ఫైల్లోంచి చదువు అని, > అంటే ఈ ఫైల్లోకి రాయి అని. > తర్వాత ఉన్న పేరుతో ఇదివరకే ఫైల్ ఉంటే ఒక్క మాటైనా అడక్కుండా దాన్ని ఖాళీ చేసి మొదట్నుంచి రాస్తుంది. మీ ఆర్టికల్స్ కుర్రాడికి ఉత్తి ఎర్రర్‌తో పోయిందంటే సంతోషించండి. విండోస్‌లోనే ఉండే ఇంకో కమాండ్ స్క్రీన్ పవర్‌షెల్ అయితే < కనపడగానే ఈ గుర్తుని ముందుముందు వాడకానికి అట్టేపెట్టాం అని చెప్పి ఆగిపోతుంది.

కాబట్టి నా మాట వింటే, మీ ఆఫీసు షీట్‌లో ప్లేస్‌హోల్డర్లు అసలు తీసేయండి. ప్రపంచం మొత్తానికి రాసేవాళ్లకి వేరే దారి లేదు, ఎవరి యూజర్‌నేమ్ ఏంటో వాళ్లకేం తెలుసు. మీకు తెలుసు కదా! నిజమైన క్లయింట్ ఫోల్డర్ ఒకటి తీసుకుని పూర్తి కమాండ్ అచ్చు వేయండి. ఉన్నదున్నట్టు కొడితే పనిచేసి తీరాలి. దాని కింద అదే కమాండ్ మళ్లీ వేసి, మారే చోట మాత్రం పెన్నుతో నింపుకునేలా ఖాళీ గీత వదలండి. ముందు పై లైను కొట్టమనండి. ఎక్సెల్ ఫైల్ వచ్చిందని కళ్లారా చూశాక, కింది గీతలో తన క్లయింట్ పేరు రాసుకుని అప్పుడు కొట్టమనండి. గీతల్లో నింపడం సీనియర్ గారికి చేత్తో చలాన్లు రాసిన రోజుల నుంచీ అలవాటే.

పాత్‌లో స్లాష్ ఇటెందుకు వాలిందని కూడా అడుగుతారు, సిద్ధంగా ఉండండి. విండోస్‌కి ముందుండే డాస్, 1981లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లో ఫోల్డర్లే లేవు, మామూలు స్లాష్ (/)ని కమాండ్లకి ఆప్షన్లు ఇవ్వడానికి వాడేసుకున్నారు. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీ లేదు. యూనిక్స్‌ది అటు వాలితే వీళ్లది ఇటు వాలింది.

బందరు రోడ్డు బ్యాచ్:

పాతకాపు గారూ, అడ్రసు లెక్క బాగుంది, షీట్ సంగతి మాత్రం సగమే ఒప్పుకుంటాను. సీనియర్ గారికి మీరన్నట్టే చేయొచ్చు. ఆర్టికల్స్ కుర్రాడికి ఇవాళ చెప్పకపోతే, రేపు ఇంకెక్కడో గిట్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే టూల్) కమాండ్ చూసి 'యువర్-యూజర్‌నేమ్' అని కొడతాడు. నేను మా జూనియర్లకి ఒకటే చెబుతాను. కమాండ్‌లో ఒక్కో మాట మీద వేలు పెట్టు, ఈ మాట నా సిస్టమ్‌లోనూ పక్కవాడి సిస్టమ్‌లోనూ ఒకటేనా అని అడుక్కో. పైథాన్, ఒకటే. కలుపు.పీవై, ఒకటే. క్లయింట్ ఫోల్డర్, కాదు. అయితే అదే మార్చాల్సింది. మార్చేటప్పుడు దాని చుట్టూ ఉన్న బ్రాకెట్లు కూడా పోవాలి. లైను మొదట్లో $ ఉంటే అది లినక్స్ ప్రాంప్ట్, దాన్ని కొట్టకూడదు. ఎగ్జాంపుల్.కామ్ కనపడిందా, అదీ మార్చాల్సిందే. ఉదాహరణలకోసమే 1999లో పక్కన పెట్టిన పేరు అది.

లెడ్జర్ గారూ, మీకు ముందు ఇంకో గొయ్యి ఉంది. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు. 'మార్చి స్టేట్‌మెంట్స్' అనే ఫోల్డర్ ఉందనుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌లో సీడీ కొడితే కోట్ గుర్తులు లేకపోయినా వెళ్లిపోతుంది. హమ్మయ్య అనుకుంటారు. అదే పేరు పైథాన్ లైన్లో ఇస్తే 'మార్చి' ఒకటి, 'స్టేట్‌మెంట్స్' ఒకటి, రెండు వేర్వేరు ముక్కలుగా అందుతాయి, స్క్రిప్ట్ గందరగోళపడుతుంది. నిన్న పనిచేసిన పేరు ఇవాళ ఎందుకు పనిచేయలేదని కొత్తవాళ్లు బెంబేలెత్తేది ఇక్కడే. పాత్‌కి ఎప్పుడూ అటూ ఇటూ డబుల్ కోట్లు (" ") పెట్టడం అలవాటు చేయండి. ఫోల్డర్ మీద షిఫ్ట్ నొక్కి రైట్ క్లిక్ చేస్తే 'కాపీ యాజ్ పాత్' వస్తుంది, విండోస్ 11లో షిఫ్ట్ కూడా అక్కర్లేదు. కోట్లతో సహా కాపీ అవుతుంది. చేత్తో రాస్తే మాత్రం మూసే కోటుకి ముందు \ వదలొద్దు. ఆ రెండూ పక్కపక్కన ఉంటే కోటు మూసుకోలేదనుకుని పైథాన్ తర్వాతి మాటని కూడా పాత్‌లో కలిపేసుకుంటుంది.

పటమట డెస్క్:

రెండే మాటలు, సపోర్ట్ పనిలో రోజూ చూసేవి. కమాండ్లని వర్డ్‌లో రాసి పంపకండి. వర్డ్ నిటారు కోట్లని వంకర కోట్లు చేస్తుంది, రెండు హైఫన్లని ఒక పొడుగు గీత చేస్తుంది. కంటికి తేడా తెలియదు, కాపీ చేసి పేస్ట్ చేస్తే పనిచేయదు. నోట్‌ప్యాడ్‌లో రాసి ఆ ఫైలే ఇవ్వండి.

రెండోది, డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ పెట్టి సీ:\యూజర్స్\పేరు\డెస్క్‌టాప్ అని రాయబోతారు. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) బ్యాకప్ ఆన్‌లో ఉన్న సిస్టమ్‌లో అసలు డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఉంటుంది. కళ్లెదుట ఫోల్డర్ కనపడుతూనే ఉంటుంది, కమాండ్ మాత్రం లేదంటుంది. టెన్షన్ పడకుండా కాపీ యాజ్ పాత్ చూస్తే అసలు చిరునామా బయటపడుతుంది.

గవర్నర్‌పేట లెడ్జర్:

అందరికీ థాంక్స్ అండీ. షీట్ మార్చేశాను, పైన అచ్చు లైను, కింద గీత. డీఐఆర్, ఎక్స్‌ప్లోరర్ పక్కపక్కన పెట్టి చూపించాను, సీనియర్ గారు "ఓ, ఇవి మన ఫోల్డర్లేనా" అన్నారు.

ఒకటే మిగిలింది. మా క్లయింట్ ఫోల్డర్లన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి. 'సీడీ డీ:\క్లయింట్స్' కొడితే ఎర్రర్ రాదు, అక్కడికీ వెళ్లదు. ప్రాంప్ట్ సీ:\ అనే చూపిస్తోంది. "ఏమీ అనలేదంటే వెళ్లినట్టేగా" అంటున్నారు ఆయన.

బ్రాడీపేట పాతకాపు:

ప్రాంప్ట్ చదవడం మొదలుపెట్టారు, సంతోషం. కమాండ్ ప్రాంప్ట్ ఒక్కో డ్రైవ్‌కీ విడిగా ఒక చోటు గుర్తుపెట్టుకుంటుంది. మీరు డీ డ్రైవ్‌లో చోటు మార్చారు, మీరు మాత్రం సీలోనే ఉన్నారు. ఇప్పుడు ఉత్తి డీ: అని కొట్టి ఎంటర్ నొక్కండి, నేరుగా క్లయింట్స్‌లో తేలతారు. ఒకేసారి కావాలంటే 'సీడీ /డీ డీ:\క్లయింట్స్'. అందులో /డీ అన్నది పాత్ కాదు, ఆప్షన్. డాస్ నాటి స్లాష్ అని చెప్పానే, అదే. షీట్‌లో దాని కింద గీత పెట్టకండి, నింపమన్నారనుకుంటారు.

ఇదంతా ఎందుకు అనుకుంటే, ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కమనండి. కమాండ్ ప్రాంప్ట్ అక్కడే తెరుచుకుంటుంది, సీడీ లైను షీట్‌లోంచి తీసేయొచ్చు. కలుపు.పీవై కూడా అదే ఫోల్డర్లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే దాని పాత్ కూడా కోట్లలో పూర్తిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే పైథాన్ ఫైల్ తెరవలేకపోయానంటుంది. కొత్త వెర్షన్లలో ఆ ఎర్రర్‌లోనే ఎక్కడ వెతికిందో మొత్తం పాత్ ఉంటుంది, దాన్ని సీనియర్ గారి చేత పైకి చదివించండి.